ఓవెన్‌లో పై అర, కింది అర

వయొలెట్ అప్పన్న చేతిరాతను దక్షిణాఫ్రికాలో డర్బన్ పక్కనున్న షాల్‌క్రాస్‌లో ఇప్పటికీ మెచ్చుకుంటారు. పెళ్లి కార్డు మాత్రం ఆమెతో ఎవరూ రాయించరు. ఈ రెండు వాక్యాల మధ్య జరిగిందే ఆమె కథ. మన వారసత్వ సభలవాళ్లకు దొరికితే ఆమెకు ఒక శాలువా కప్పి, కనుమరుగవుతున్న కళ అని ప్రసంగం చేసి, ఫొటో తీసి ఇంటికి పంపేవారు. ఆ కళ తనంతట తాను కనుమరుగు కాలేదు. కొందరు సోఫాల్లో కూర్చుని, టీ తాగుతూ, ఒక ఆదివారం మధ్యాహ్నం దాన్ని తీసేశారు. ఆమె కూడా ఆ గదిలోనే ఉంది. ఆమె చేతే ఒప్పించారు.

వయొలెట్ ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు నరకడానికి ఓడెక్కి వచ్చినవాడు. ఆ ఓడ మీద ఇప్పటికే చాలామంది చాలా కన్నీళ్లు కార్చారు కాబట్టి నేను దాన్ని రేవులోనే వదిలేస్తాను. వయొలెట్ నాటికి చెరకు లేదు, తెలుగూ పెద్దగా లేదు. వరసలు, తిట్లు, దేవుడి పాటలు, కూరల పేర్లు మిగిలాయి. తక్కినదంతా ఇంగ్లీషు, మధ్యలో కాస్త జూలూ. వీళ్ల మాటల్లోని ఇంగ్లీషును నేను ఇక్కడ చాలావరకు తెలుగు చేశాను. తెలుగును మాత్రం ముట్టుకోలేదు.

చదువు మధ్యలో ఆపించి ఆమెను డర్బన్‌లోని ఒక అచ్చాఫీసులో పనికి పెట్టారు. అచ్చయిన పెళ్లి కార్డును మడవడం, మడత తీరుగా పడేలా నొక్కడం, పట్టుదారం కట్టడం, చివరికి కవరు మీద పిలుపు అందుకునేవారి పేరు రాయడం ఆమె పని. కార్డు లోపల ముహూర్తం తప్పు పడినా చుట్టాలు సర్దుకుంటారు గానీ, కవరు మీద తమ పేరు కాస్త నీరసంగా కనిపిస్తే సర్దుకోరు. అందుకని వయొలెట్ చేతికి చాలా ఏళ్లు గిరాకీ ఉండింది. తొంభై ఒకటిలో యజమాని పేర్లు కూడా అచ్చువేసే కంప్యూటర్ తెచ్చాడు. "ఇక నీ చేతులకి విశ్రాంతి" అన్నాడట. పని తీసేసేవాళ్లు ఇలాంటి మాటలు ఎప్పుడూ మర్యాదగానే అంటారు.

ఇంటికొచ్చి కొన్నాళ్లు ఆమె తుడిచిన కిటికీలే తుడిచింది. తర్వాత వంటగదిలో వెనక తలుపు పక్కన ఒక మూల ఖాళీ చేసింది. అత్తగారి కాలపు కుట్టుమిషను ఒకటి ఉండేది, ఎప్పుడో పాడైనది. మిషను తలను లోపలికి దించి మూత వేస్తే పైన చదునైన బల్ల. ఎడమ సొరుగులో పాళీలు, కుడి సొరుగులో దారాలు. కింద తొక్కుడు పలక అలాగే ఉంది. రాస్తూ రాస్తూ ఆమె దాన్ని తొక్కేది, చక్రం ఊరికే తిరిగేది. అది తిరగకపోతే అక్షరం నడవదనేది. గాలి కోసం తెరిచే కిటికీలోంచి ఒక పొడుగాటి అద్దపు పలక ఊడదీసి, రెండు ఇటుకల మీద పెట్టి, కింద టార్చిలైటు పడుకోబెట్టింది. అద్దం మీద గీతల కాగితం, దాని మీద కవరు. వెలుతురుకు కింది గీతలు కవరు మీదికి తేలతాయి. పెన్సిలుతో గీసి, తర్వాత తుడిచి, కవరు మాసిపోయే బాధ లేదు. మైదా ఉడికించి జిగురు చేసుకుంది. పాత పుట్టినరోజు కార్డుల్లోంచి పూలు కత్తిరించి కొత్తవాటికి అంటించింది. కలాలకు జామ్ డబ్బాలు. సిరా, పాళీలు తప్ప కొన్నదేమీ లేదు. ఇంట్లో కార్డులు, ఉత్తరాలు రాసుకునే బల్లకు ఇంతకన్నా అక్కర్లేదు. పత్రికల్లో చూపించే లేత రంగు సొరుగులు, వాటి మీద అంటించిన మంచిమాటలు రాసేవాళ్ల కోసం కాదు, రాద్దామనుకునేవాళ్ల కోసం.

కుర్చీ మాత్రం ఆమె భర్త నార్మన్ తెచ్చాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. డిపోలో తుక్కుకు పోతున్న బస్సులోంచి డ్రైవరు సీటు ఊడదీసుకొచ్చి, చెక్కపెట్టె మీద బిగించాడు.

"ఎక్కు," అన్నాడు. "ఎక్కడికి పోతాదే ఈ బస్సు?"

"నువ్వు దిగితే ఎక్కడికైనా పోతాది," అంది వయొలెట్.

పొద్దున పూట ఉత్తరాల వాళ్లు వచ్చేవారు. పింఛను ఆగినవాళ్లు, ఇంటి కప్పు కారుతోందని మొరపెట్టుకునేవాళ్లు. తెల్లవాళ్ల పాత ప్రభుత్వం పోతోంది, కొత్తది ఇంకా రాలేదు. ఏ ఆఫీసు ఉంటుందో ఏది మూతపడుతుందో ఆఫీసులో కూర్చున్నవాడికే తెలియదు. వీధి చివర ఉండే సూబయ్య తాత, భజనల్లో తాళం వేసే పెద్దమనిషి, పింఛను ఉత్తరానికి వచ్చి ఆ సీటు పక్కన నిలబడి అడిగాడు.

"ఎవుడికి రాస్తన్నావే?"

"సంబంధిత అధికారికి, తాతా."

"ఎవుడాడు?"

"ఎన్నికలైనాక తెలుస్తాది."

"అప్పటికి నానుండాలి కదా," అన్నాడు సూబయ్య తాత. అదేమీ వేదాంతం కాదు. లెక్క ప్రకారమే అన్నాడు.

మధ్యాహ్నాలు కార్డులవి. బల్ల ఒకటి, పనులు రెండు రకాలు. ఒకటి పెళ్లి. రెండోది చావు: పదహారో రోజు కర్మకు పిలిచే నల్ల అంచు కార్డులు, కర్మ అయ్యాక వచ్చినవాళ్లకు పంపే కృతజ్ఞత కార్డులు. మొదటి అభ్యంతరం షర్లీ తెచ్చింది. షర్లీ నార్మన్ చెల్లెలు. రెండు వీధుల అవతల ఉంటుంది.

"వదినా, కర్మ కార్డు పెట్టిన బల్ల మీద పెళ్లి కార్డు పెడతావా? జనం ఏటనుకుంటారు?"

"జనం ఒకే కడుపులో పెళ్లి బ్రియానీ, కర్మ దాల్ రెండూ పెడతారు."

"జోకులు సేయకు మాన్. నీ మంచికే సెప్తన్నాను."

వయొలెట్‌కు ఈ పట్టింపు మీద వీసమెత్తు నమ్మకం లేదు. కానీ వచ్చినవాళ్లతో వాదిస్తూ కూర్చునే ఓపికా లేదు. బల్ల మీదికి ఒక మైనపు గుడ్డ వేసింది. ఒక వైపు ఎర్ర పూలు, వెనక వైపు ఉత్త గోధుమరంగు. పెళ్లికైతే పూలు పైకి, కర్మకైతే తిరగేసి. వచ్చినవాళ్ల కళ్లముందే తిప్పేది, కాస్త గంభీరంగా, హారతి పళ్లెం తిప్పినట్టు. జనం నెమ్మదించారు. వయొలెట్‌కి పద్ధతి తెలుసు అన్నారు. ఇంకా ఎక్కువమంది వచ్చారు. "గుడ్డ తిప్పితే పోయేదానికి గొడవెందుకు," అని ఆమె నార్మన్ దగ్గర నవ్వేది.

నమ్మకపోయినా ఎదుటివాళ్ల తృప్తి కోసం పాటించడం మంచితనమని మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోస్తారు. నాకది ఎప్పుడూ అర్థం కాలేదు. ఆ గుడ్డను మొదటిసారి తిప్పిన రోజే వయొలెట్ ఆ పట్టింపుకు సాక్షిగా నిలబడింది. తర్వాతెప్పుడైనా అది ఒట్టి మాట అనాలంటే, మరి ఇన్నాళ్లూ ఎందుకు తిప్పావు అని ఎవరైనా అడగవచ్చు. అడిగారు కూడా.

తొంభై నాలుగు మార్చిలో షర్లీ కూతురు సావీ పెళ్లి కార్డులు వచ్చాయి. వయొలెట్‌కు పిల్లలు లేరు. సావీ సగం ఆ వంటగదిలోనే పెరిగింది; అప్పటికి ఒక మందుల షాపులో పనిచేస్తోంది. పెళ్లికొడుకు సగ్రెన్ స్ప్రింగ్‌ఫీల్డ్ కుర్రాడు, స్కూలు మాస్టరు, సభల్లో బాగా మాట్లాడేవాడు. మతం, కులం, జాతి అన్నీ మనల్ని విడదీయడానికి ఎవరో కనిపెట్టినవని మైకులో చెప్పేవాడు. చప్పట్లు పడేవి. పెళ్లి జూన్‌లో. వయొలెట్ ఏ పెళ్లికీ వాడని బంగారు సిరా ఈ కార్డులకు తీసింది. ప్రతి పేరులో మొదటి అక్షరం బంగారం, తక్కినది నలుపు.

ఆ వారమే సూబయ్య తాత పోయాడు. కర్మ కార్డులు వెంటనే కావాలన్నారు. వయొలెట్ గుడ్డ తిప్పింది, రాసింది. మళ్లీ తిప్పింది, సావీవి రాసింది. పద్ధతి ఎక్కడా తప్పలేదు. అయితే బయట ఎడతెరిపి లేని వాన. గోడలు చెమ్మగిల్లి ఉన్నాయి. సిరా, ముఖ్యంగా ఆ బంగారు సిరా, ఆరడం లేదు. వేలు తగిలితే పేరంతా సాగుతోంది. చివరికి ఆమె ఓవెన్‌ను సన్నని వేడి మీద వెలిగించి, తలుపు తెరిచి ఉంచి, పై అరలో సావీ కార్డులు, కింది అరలో సూబయ్య కార్డులు పరిచింది. వంటింట్లో పనిచేసే ఏ మనిషయినా అదే చేస్తుంది. బల్లకు నియమం ఉందిగానీ ఓవెన్‌కు ఉన్నట్టు ఆమెకు తోచనే లేదు.

నార్మన్ వంగి చూశాడు. "పైన పెళ్లి, కింద కర్మ. నా కేకు ఎక్కడ పెడతావు?"

అప్పుడే షర్లీ మిరపకాయ బజ్జీల పళ్లెంతో వెనక తలుపు తోసుకుని వచ్చింది. ఆ ఇంట్లో తలుపు తట్టే అలవాటు ఎవరికీ లేదు.

"వదినా, కింద ఉన్నది ఏటి?"

"సూబయ్య తాత."

"పైన?"

"నీ కూతురు."

షర్లీ పళ్లెం కింద పెట్టింది. తెరిచి ఉన్న వెనక తలుపు మూసింది. తర్వాత, "ఎవుళ్లకీ సెప్పకు," అంది. కార్డులు తీసుకెళ్లి, మూలలకు పసుపు రాసి, మొగుడు లారెన్స్‌ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పంచింది. ఎవరికీ చెప్పొద్దన్న మనిషి దారిలో లారెన్స్‌కు చెప్పింది. లారెన్స్ భజన సంఘానికి పెద్ద. ఆయన చెవిన పడ్డది ఎక్కడా ఆగదు.

ఏప్రిల్‌లో ఎన్నికలొచ్చాయి, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ మనవాళ్లూ కలిసి ఓటేసిన మొదటివి. ఆ రోజు గురించి అందరూ ఒకేలా రాస్తారు: పొడుగాటి వరస, ఓపిక, తడిసిన కళ్లు. మా వీధి వరసలో ఎక్కువసేపు మాట్లాడుకున్నది సావీ పెళ్లి భోజనం గురించి, బీన్స్ కూరలో బంగాళదుంప వేస్తారా లేదా అని. నార్మన్ మడత కుర్చీ పట్టుకెళ్లి ఇంకెవరో ముసలమ్మకిచ్చాడు. వయొలెట్ ఓటేసి ఇంటికొచ్చి, పేరుకు ఒక అధికారైనా దొరుకుతాడని ఆగి ఉన్న పింఛను ఉత్తరాలు బయటికి తీసింది.

మేలో సగ్రెన్‌కు ప్రిటోరియాలో ఉద్యోగం వచ్చింది, కొత్త ప్రభుత్వంలో. మొదట రోజూ ఫోన్, తర్వాత ఆదివారాలు, తర్వాత అదీ లేదు. అక్కడి ఆఫీసులో ఇంకో అమ్మాయితో తిరుగుతున్నాడని షాల్‌క్రాస్ అంతటికీ తెలుసు. చూసినవాళ్లే వచ్చి చెప్పారు. అతను మాత్రం మేనమామను వెంటబెట్టుకుని వచ్చి, లారెన్స్ ఎదుట తల వంచుకుని కూర్చున్నాడు.

"అంకుల్, నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ కార్డుల సంగతి విన్నప్పటి నుంచీ మా అమ్మకు నిద్ర పట్టడం లేదు. పెద్దవాళ్ల నమ్మకాన్ని నేను గౌరవించాలి."

మైకులో ఒక్కసారీ గౌరవించనిదాన్ని అతను అక్కడ గౌరవించాడు. పనికొచ్చినప్పుడు సంప్రదాయం అందరికీ ముద్దే.

కార్డులు అప్పటికే ఇల్లిల్లూ చేరాయి. పిలిచిన పెళ్లి ఆగిపోవడమంటే ఆ వీధుల్లో చిన్న సంగతి కాదు. సావీ పనికి పోవడం మానేసింది. షర్లీ వదిన దగ్గరికి వచ్చింది, ఈసారి పళ్లెం లేకుండా.

"ఆదివారం రెండు వైపులోళ్లూ మా లౌంజ్‌లో కూసుంటారు. నువ్వు ఒక మాట సెప్పాలి వదినా."

"ఏ మాట?"

"ఓవెన్‌లో రెండూ కలిపినావని."

"కలపలేదు. ఒకటి పైన, ఒకటి కింద. నువ్వు సూసినావు. సూసి పసుపు రాసి పంచినావు."

"నాను సూసినట్టు ఎవుళ్లకీ తెలవక్కర్లేదు."

"సగ్రెన్‌కి ప్రిటోరియాలో ఇంకో పిల్ల ఉందని ఎవురు సెప్తారు?"

"ఎవురూ సెప్పరు. సెప్తే ఏటవుతాది? సావీని వొదిలేసినాడంటారు. ఎందుకు వొదిలేసినాడు, పిల్లలో ఏదో ఉంటాదంటారు. కార్డుల మీద పడితే పిల్ల మీద పడదు."

"నా మీద పడతాది."

"నీకేటవుతాది వదినా? నీకు పెళ్లి కావాలా?"

నార్మన్ వెనక తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. చెల్లెలు వెళ్లాక అన్నాడు. "పోకు. ఐకోనా, వొద్దంటే వొద్దు. తాగినోడు బండి నడిపి గుద్దితే రోడ్డుది తప్పంటారు. నువ్వు రోడ్డువి కాదు."

"పిల్ల మూడు దినాల నుంచి అన్నం తినలేదు."

"ఆ గాడిద తింటన్నాడు కదా ప్రిటోరియాలో."

"ఆడి గురించి నాకెందుకు?"

అసలు చిక్కు అక్కడ కాదని వయొలెట్‌కు తెలుసు. తప్పు లేదని వాదించాలంటే, కార్డు పక్కన కార్డు పెడితే ఏమీ కాదు అనాలి. ఆ మాట అనే నోరు ఆమెకు లేదు. మూడేళ్లుగా అందరి కళ్లముందూ గుడ్డ తిప్పింది తనే. సావీ సంగతి వేరు. సావీ కోసం ఆమె ఇంకా పెద్ద మాటయినా చెప్పి ఉండేది.

ఆదివారం లారెన్స్ లౌంజ్‌లో సగ్రెన్ మేనమామ, ఆయన భార్య, భజన సంఘం నుంచి ఇద్దరు పెద్దలు. సగ్రెన్ లేడు, ఆఫీసు పనట. షర్లీ అందరికీ టీ ఇచ్చింది. వయొలెట్ సోఫా చివర కూర్చుని కప్పు ముట్టకుండా చెప్పింది.

"అవును. ఒకే ఓవెన్‌లో పెట్టినాను."

"తెలిసే పెట్టినావా?" మేనమామ అడిగాడు.

"వాన."

ఇద్దరు పెద్దల్లో ఒకాయన ముందుకు వంగాడు. "బల్ల మీద గుడ్డ తిప్పుతావు కదమ్మా. మరి తెలిసే కదా తిప్పుతావు?"

లారెన్స్ మెల్లగా, భజనలో తర్వాతి పాట అందించే గొంతుతో, అందించాడు. "అక్కా, వాన అని సెప్పకు. తప్పు అని సెప్పు. ఐపోతాది."

"తప్పు," అంది వయొలెట్.

గది ఒక్కసారిగా తేలికపడింది. మేనమామ టీలో ఇంకో చెంచా చక్కెర వేసుకున్నాడు. ఆయన భార్య వయొలెట్ చెయ్యి నిమిరి, ఇలా ఒప్పుకోవడానికి పెద్ద మనసు కావాలంది. అబ్బాయిలో దోషం లేదు, అమ్మాయిలో దోషం లేదు, కార్డులకు అంటిన మైల మాత్రమేనని తేలింది. ఇంత చక్కగా పంచుకున్న నిర్దోషిత్వాన్ని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఆ తర్వాత పాత ప్రభుత్వపు నేరాలు ఒప్పుకోవడానికి దేశమంతటా అలాంటి గదులు చాలా తెరిచారు గానీ, అక్కడ కనీసం ఒప్పుకున్నవాళ్లు ఎంతోకొంత చేసినవాళ్లే. సావీ నడవలో గోడకు ఆనుకుని అంతా విన్నది. బయటికి పోతూ వయొలెట్ ఆమె పక్కనుంచే వెళ్లింది. పిల్ల తల ఎత్తలేదు.

ఆ తర్వాత వంటగదిలో ఎర్ర పూలు పైకి రాలేదు.

ఎవరూ వచ్చి తిట్టలేదు. కార్డులు రాయిస్తామన్న పెళ్లిళ్లవాళ్లు ఒక్కొక్కరే ఏదో సాకు చెప్పారు: కూతురే రాస్తానంటోంది, కంప్యూటర్ షాపువాడు కార్డులతో పాటు ఊరికే వేసిస్తున్నాడు. మార్కెట్లో ఎవరో ఆ ఇంటి ఓవెన్‌లో తగాతి ఉందన్నారు. తగాతి అంటే జూలూలో చేతబడి. ఆ మాటకు మాత్రం మా వాళ్లు జాతి భేదం పాటించలేదు. మాంసం కొట్టు వరసలో ఒకడు వెనకనుంచి అదే అంటే నార్మన్ తిరిగి చూశాడు.

"నిజమే. నిన్న అందులో కోడిని పెట్టినాను. సచ్చిపోయింది."

వరస నవ్వింది. నవ్వినవాళ్లెవరూ కార్డులు తేలేదు.

చావు కార్డులు మాత్రం వచ్చాయి, ఇదివరకటి కంటే ఎక్కువగా. కంప్యూటర్ షాపువాడికి నల్ల అంచు పని ఇష్టం లేదు. పెళ్లిళ్ల పని దెబ్బతింటుందట. కాబట్టి షాల్‌క్రాస్‌లో ఎవరు పోయినా వయొలెట్ దగ్గరికే. ముందు గుమ్మం నుంచి కాదు, పెరట్లోంచి, ఎవరూ చూడకుండా. ఓవెన్‌లో తగాతి ఉందన్న ఆమె తన మామగారి కర్మ కార్డులు తెచ్చి, అక్షరాలు కాస్త పెద్దవిగా రాయమని అడిగింది. వయొలెట్ రాసిచ్చింది. ఒకసారి లారెన్స్‌ను అడిగింది, భజన రోజున నలుగురిలో ఒక మాట చెప్పమని, ఆ రోజు ఎందుకు ఒప్పుకుందో. లారెన్స్ ఎంతో ప్రేమగా, "జనం మరిసిపోనీ అక్కా. కెలకొద్దు," అన్నాడు. జనం సగ్రెన్‌ను త్వరగానే మరిచిపోయారు. టీవీలో అప్పుడప్పుడు మంత్రి వెనక నిలబడి కనిపిస్తే, మనవాడే అని చూపించేవారు కూడా.

మరుసటి ఏడు సావీకి ఇంకో సంబంధం కుదిరింది. యువన్, ఆషర్‌విల్ వాళ్లబ్బాయి, నెమ్మదస్తుడు. షర్లీ అన్నది అక్షరాలా నిజమైంది: పిల్ల మీద మచ్చ పడలేదు. కార్డులు కంప్యూటర్ షాపులో వేయించారు. షర్లీ వచ్చి, హాల్లో భోజనానికి తప్పకుండా రావాలనీ, ముందురోజు ఇంట్లో పసుపు పూసే నలంగుకు మాత్రం పెద్దగా ఎవరినీ పిలవడం లేదనీ చెప్పింది. ఆ 'ఎవరినీ'లో తన అన్న ఉన్నాడో లేడో చెప్పలేదు. నార్మన్ అడగలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం సావీ వచ్చింది, పెరటి దారిన. హాండ్‌బ్యాగ్‌లోంచి ఒక కార్డు, పేరు లేని కవరు తీసింది.

"అత్తా, ఒక్కటే. యువన్ వాళ్ల అవ్వకి. మంచం మీద ఉంది. కంప్యూటర్ లేబుల్ సూసి కరెంటు బిల్లా అని అడిగిందంట." నవ్వింది. "చేత్తో రాసింది కావాలంట ఆమెకి. నువ్వు రాస్తావు కదా? ఆ గోల్డ్ ఇంక్‌తో."

వయొలెట్ చేతులు తుడుచుకుంది. బంగారు సిరా బుడ్డి సొరుగులో అడుగున ఉంది. తీసి కదిపి చూసింది, ఇంకా గడ్డకట్టలేదు. అద్దం కింద టార్చి వెలిగించి కవరు సర్దింది. పాదం తొక్కుడు పలక మీదికి వెళ్లింది. పాళీ ముంచబోతూ అడిగింది.

"ఎవురు రాసినారని సెప్తావు?"

"షాపులో రాయించినానంటాను."

"మీ అమ్మకి?"

"మమ్మీకి తెలీదు నేను వచ్చినట్టు."

వయొలెట్ పాళీ కింద పెట్టింది. "ఆ ఆదివారం నాను ఎందుకు సెప్పినానో నీకు తెలుసు."

"తెలుసు అత్తా. రోజూ తెలుసు."

"అయితే ఒక పని సెయ్. అత్త రాసింది అని సెప్పు. యువన్‌కి, ఆళ్ల అవ్వకి, మీ అమ్మకి. ఇంకేమీ అక్కర్లేదు."

సావీ చాలాసేపు బ్యాగు జిప్పు తీసి వేస్తూ ఉంది. "పెళ్లయినాక సెప్తాను. ప్రామిస్."

"పెళ్లయినాక ఎందుకు?"

"నాకు నమ్మకం లేదు అత్తా. నీకు తెలుసు. కాని ఏమైనా జరిగితే?"

బయటివాళ్లు ఎంతమంది ఎన్ని అన్నా వయొలెట్‌కు ఒక లెక్క ఉండేది: ఒక్క మనిషికి నిజం తెలుసు, ఆ మనిషి కోసమే కదా అని. ఆ లెక్క ఆ వంటగదిలో, పట్టపగలు, ఎంతో మర్యాదగా, ప్రేమగా ముగిసింది. ఆమె టార్చి ఆర్పింది. కవరు తీసి, మూలలు నలగకుండా, సావీ చేతిలో పెట్టింది.

"షాపులోనే రాయించు."

"కోపమా?"

"లేదు. ఎల్లు, ఎవురైనా సూస్తారు."

నార్మన్ పక్కగదిలోంచి వచ్చేసరికి సావీ గేటు దాటుతోంది. "ఒక కవరు కదే. రాసిస్తే ఏం పోయింది?"

"ఒకసారి ఇచ్చినాను," అంది వయొలెట్, సిరా బుడ్డి మూత బిగిస్తూ.

పెళ్లికి ఇద్దరూ వెళ్లారు. వెళ్లకపోతే దాని మీద ఇంకో కథ పుడుతుంది. హాల్లో వాళ్లకు వెనక వరసలో, వంటవాళ్లు తిరిగే తలుపు పక్కన చోటు దొరికింది. ముహూర్తం సమయానికి అయింది. సావీ అందంగా ఉంది. షర్లీ అటూ ఇటూ తిరుగుతూ దూరం నుంచే చెయ్యి ఊపింది. నార్మన్ బ్రియానీ రెండోసారి వడ్డించుకున్నాడు. కోపం వచ్చినప్పుడు ఆయన ఎక్కువ తింటాడు.

అక్షింతలు వేసి అందరూ కూర్చుంటుండగా వాళ్లకు ముందున్న వరసలోని ఒకావిడ కుర్చీ వెనక్కి జరుపుకుని, వయొలెట్ వైపు వంగి, మేళం చప్పుడులో ఇంకెవరికీ వినపడకుండా అంది. "అక్కా, మా అత్తకి బాగా లేదు. డాక్టరు ఈ వారం దాటదంటన్నాడు. నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా?"

"ఉంటాను," అంది వయొలెట్.